బావగారి కుర్చీ

నాయకుడు ఎలా ఎదుగుతాడో నన్నడగండి, చెబుతాను. మా బావగారిని పెంచింది మా ఊరే. ఆ పెంపకం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది మామిడికుదురు దగ్గర ఊరు. చేలన్నిటికీ మురుగు పోయే డ్రెయిన్ ఒక్కటే. ఊడ్పులకు ముందు ఇంటికో మనిషి దిగి, అందులో పేరుకున్న గుర్రపుడెక్క లాగెయ్యాలి. అది ఊరి కట్టుబాటు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అందరికంటే ముందు దిగేది మా బావగారే, అంటే మా ఆయనకు అన్నగారు. అప్పుడాయనకు పదవీ లేదు, పార్టీ లేదు. మొలలోతు మురుగులో నిలబడి "రండ్రా" అనేవారు, అంతే. ఎంత బద్ధకస్తుడైనా లుంగీ ఎగ్గట్టి దిగేవాడు. ఆయన్ని చూస్తే నాకు గర్వంగా ఉండేది.

ఊరు ఆయన్ని సర్పంచిని చేసింది. బాగానే ఉంది. ఆ ఏడు ఆయన ఎప్పటిలాగే కొడవలి పట్టుకుని వస్తే నలుగురూ చుట్టుముట్టారు.

"అయ్యో, తమరు దిగడమేంటండీ! మేం లేమేంటండీ?"

కొడవలి లాక్కుని గట్టు మీద కుర్చీ వేశారు. పాపం, మొదటిసారి అంచు మీద ఇబ్బందిగా కూర్చున్నారు. మరుసటి ఏడు వెనక్కి వాలారు. ఆ తర్వాత కుర్చీ ఇంకా రాలేదేమని చూడటం నేర్చుకున్నారు. ఇంకొన్నాళ్లకు కారు దిగకుండానే అద్దం దించి మాట్లాడారు. మా వాళ్ల మర్యాద తెలిసిందే కదా, అద్దం దించినందుకే మురిసిపోయారు. ఆయన దిగడం మానేశాక ఇంటికో మనిషి రావడమూ ఆగిపోయింది. బావగారు డెక్క తీసే మిషను పంపిస్తారట అంటూ అందరూ ఇళ్లల్లో కూర్చున్నారు.

కిందటి సార్వా పంటకు ఊడ్పులు అవుతూనే వాన పట్టుకుంది. మేం కౌలుకు చేసే చేను అన్నిటికంటే పల్లంలో ఉంటుంది. డ్రెయిన్ పూడుకుపోయి నీళ్లు ఎదురు తన్నాయి. నాట్లు మునిగాయి. ఆ రోజు నీళ్లు లాగకపోతే అవి కుళ్లిపోతాయి, మళ్లీ ఊడ్చడానికి నారు లేదు. బావగారు తెల్లచొక్కాలో వచ్చారు. ఒకరు కుర్చీ తెచ్చారు. ఒకరు బొండాం కొట్టి ఇచ్చారు. నా చేను మునిగిపోతుంటే ఈయనకు బొండాం!

"ఫోన్ చేసేనమ్మా. రేపు మిషనొస్తుంది," అన్నారు నాతో.

"ఆయ్, అలాగేనండి," అన్నారు గట్టు మీది మగాళ్లంతా.

బావగారి ఎదుట గొంతెత్తిన కోడలు మా ఇంట్లో అంతవరకు లేదు. ఆయన కూర్చోబోయేలోగా ఆ కుర్చీ లాగి డ్రెయిన్లోకి విసిరేశాను. గుర్రపుడెక్క ఎంత దట్టంగా ఉందంటే, కుర్చీ మునగలేదు సరికదా, దాని మీదే నిలబడింది.

"రేపటికి నా నాట్లుండవండీ బావగారూ. దిగండి," అని నా కొడవలి ఆయన చేతికిచ్చాను.

మా ఆయన గుడ్లురిమారు. బావగారు ఆ కుర్చీ వంక చూసి, చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి దిగారు. వెంటనే గట్టు మీద గోల.

"అయ్యయ్యో, తమరికెందుకండీ! పైకొచ్చేయండి!"

అప్పటిదాకా నీళ్లలో కాలు పెట్టని పెద్దమనుషులు ఆయన్ని పైకి లాగడానికి చేతులు చాచారు. ఆయన కూడా చెయ్యి అందించబోయారు. నేను అడ్డం వెళ్లాను.

"ఆయన్ని లాగితే ఊరుకోను. అంత బాధగా ఉంటే మీరు దిగండి."

బావగారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయాసపడుతూనే "రండ్రా" అన్నారు. ఒక్కొక్కరే దిగారు. నేనూ చీర దోపుకుని దిగాను.

సాయంత్రానికి నీళ్లు లాగాయి. నాట్లు బతికాయి. తీరా గట్టెక్కి చూస్తే, ఎవరో ఆ కుర్చీని కడిగి, తుడిచి, బావగారి కోసం మళ్లీ వేసి ఉంచారు. ఆయన ఇంకా నీళ్లలోనే ఉన్నారు. బురద చీరతోనే వెళ్లి అందులో నేను కూర్చున్నాను.