తగ్గిందని చెప్పిన నొప్పి

ఆ రోజు కాలేజీ ల్యాబ్‌లో మానిటర్ ఎత్తి బల్ల మీద పెడుతుంటే ఎడమ చేతి బొటనవేలు తిమ్మిరెక్కింది. మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. పిల్లలంతా హైటెక్ సిటీ ఉద్యోగాల కోసం కంప్యూటర్ల మీద పడ్డ రోజులవి. ఏటా కొత్త ల్యాబ్ తెరిచేవారు, ఆ బరువంతా మోసేది మేమే. తిమ్మిరే కదా అని చెయ్యి విదిలించుకుని ఊరుకున్నాను. నెల తిరిగేసరికి మెడ నుంచి వేలి దాకా కరెంటు షాకులు మొదలయ్యాయి.

చేవెళ్లలో చూపించుకుంటే మెడకు పట్టీ ఇచ్చారు. తగ్గలేదు. సిటీలో ఎంఆర్ఐ తీయించాం. సర్జన్ ఫిల్మ్ చూపిస్తూ, "మెడలో సీ ఫైవ్, సీ సిక్స్ ఎముకల మధ్య డిస్క్ జారి నర్వ్‌ని నొక్కుతోందమ్మా. డిస్క్ రీప్లేస్‌మెంట్ చేద్దాం, దాన్ని తీసేసి ఆర్టిఫిషియల్ డిస్క్ పెడతాం" అన్నారు.

"చెయ్యి మంచిగైతదా సార్?" అని మా ఆయన ప్రభాకర్ అడిగాడు.

"చాలామందికి అవుతుంది."

ఆ 'చాలామందికి' అన్న మాటను మేమిద్దరం చెవికెక్కించుకోలేదు.

ఆపరేషన్ గొంతు ముందు నుంచి చేశారు. కొన్నాళ్లు అన్నం మింగడం కష్టమైంది కానీ షాకులు ఆగిపోయాయి. మా ఊరు ముడిమ్యాలలో చర్చివాళ్లు నా కోసం ఉపవాస ప్రార్థన చేశారు. మూడో ఆదివారం పాస్టరయ్య పిలవగానే లేచి సాక్ష్యం చెప్పాను. "ప్రభువు నన్ను ముట్టిండు. నొప్పి మొత్తం పోయింది." అందరూ స్తోత్రం అన్నారు. ఆ రోజుకి అది అబద్ధం కాదు.

ఆరో వారంలో మంట మొదలైంది. కొంగు తగిలినా చెయ్యి భగ్గుమనేది. ఎవరితో చెప్పను? దేవుడు తగ్గించాడని నలుగురిలో అన్న నోటితో మళ్లీ నొప్పి అంటే ఆయన మాట పోతుందా, నా మాట పోతుందా? చెకప్‌లో నాకంటే ముందే ప్రభాకర్, "ఫుల్ తగ్గింది సార్" అన్నాడు. నేను తలూపాను. సర్జన్ సంతోషించి, నర్వ్ మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేయమన్నారు.

ఆ తర్వాతి రోజుల గురించి రాయాలంటేనే నాకు విసుగు. ల్యాబ్‌లో చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఐదెప్పుడవుతుందా అని గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. దేవుడి మీద కోపం రాలేదు. స్తోత్రం అన్నవాళ్ల మీద వచ్చింది. సిగ్గుపడే విషయమే, కానీ వచ్చింది.

మా ఆడపడుచు కొడుకుని చర్చిలో దేవునికి ప్రతిష్ఠ చేసే రోజున ఆమె పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టబోయింది. "నువ్వే ఎత్తుకో వదినా, దేవుడు నీ చెయ్యి బాగు చేసిండు కద!"

పడేస్తానేమోనన్న భయంతో వెనక్కి జరిగాను. "నాకియ్యకు. నా చెయ్యి తగ్గలేదు. నేను చెప్పిన సాక్ష్యం ఇప్పుడు నిజం కాదు" అని అందరి ముందూ అనేశాను. పాట ఆగిపోయింది.

బయటికొచ్చాక ప్రభాకర్, "నాకైన చెప్పొద్దానే?" అన్నాడు.

"చెప్పనిచ్చినవా? డాక్టర్ దగ్గర నువ్వే ముందుగాల తగ్గిందంటివి."

అతను మర్నాడు సెలవు పెట్టి నన్ను సిటీకి తీసుకెళ్లాడు.

"డిస్క్ బాగానే కూర్చుంది" అన్నారు సర్జన్ ఎక్స్‌రే చూసి. "నర్వ్ చాలా రోజులు నలిగింది. టైమ్ పడుతుంది, కొంత నొప్పి మిగిలిపోవచ్చు కూడా. కానీ నొప్పి సంగతి ఎక్స్‌రే చెప్పదమ్మా, మీరే చెప్పాలి." ఆపేసిన నర్వ్ మాత్ర ప్రెగాబలిన్ మళ్లీ మొదలైంది, ఫిజియోథెరపీ కూడా.

ఇప్పుడు నొప్పి పదికి నాలుగు, మంచి రోజున మూడు. కాలేజీలో బరువులు మోయడం మానేసి రికార్డులు చూస్తున్నాను. పూర్తిగా పోతుందన్న ఆశ వదిలేశాను. వదిలేశాక కొంచెం తేలికైంది.

నేను చెప్పగలిగిన సలహా ఒకటే. చెకప్‌కి ముందు వారమంతా నొప్పి పదికి ఎంతో రోజూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి. మీ తరఫున ఎవరినీ మాట్లాడనివ్వకండి.

మా చర్చిలో కాంతమ్మ అవ్వ, మోకాళ్లు తగ్గాయని నాకంటే ముందే సాక్ష్యం చెప్పినావిడ, నా కాగితం సంగతి విని ఒక ఆదివారం నన్ను పక్కకి లాగింది. "బిడ్డా, నావి గూడ తగ్గలే. నాకు రాయరాదు, జర నువ్వు రాసియ్యి" అంది.

కాగితం తీసి, "పదికి ఎంత అవ్వా?" అని అడిగాను.

"పదిమందిల అడిగితే రెండు. ఇంట్ల తొమ్మిది" అని కాగితం మీద వేలు పెట్టింది. "తొమ్మిదే రాయి బిడ్డా."