మూడో మనిషి కబురు

పేరు సోములు. వయసు అరవై మూడు. నివాసం వజ్రపుకొత్తూరు మండలం. కింద సంతకం చేసిన అర్జీల రాతగాడు గౌరీశంకర్ ఆయనను ఇరవై ఆరేళ్లుగా ఎరుగును. అందులో ఇరవై అయిదేళ్లు “రూలు ఒప్పుకోదు” అనే మాటే విన్నాడు. మిగిలిన ఏడాది సోములు గారు ఆ రూళ్లు బట్టీ పడుతున్నారు.

సోములు గారికి హామ్ రేడియో లైసెన్సు ఉంది. కొబ్బరిచెట్టుకు తీగ కట్టి ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడగలరు. ఏవేవి మాట్లాడకూడదో క్షుణ్ణంగా తెలిసినందున, వాతావరణం తప్ప మరేమీ మాట్లాడరు.

“మావా, పలాసలో జీడిపిక్కల రేటేటో ఆ డబ్బాలో కనుక్కోవేటి?” అని భార్య సూరమ్మ అడిగింది.

“ఏపారం కబురు. రూలు ఒప్పుకోదు.”

“కూడు తినడానికి ఒప్పుకుంటాదా?”

దానికి మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పినట్టు దాఖలా లేదు.

పోయిన తుఫానుకు కరెంటు, ఫోన్లు రెండూ చచ్చాయి. దారి నిండా కొబ్బరిచెట్లు పడ్డాయి. సోములు గారి తమ్ముడు నూకయ్యకు ఆ రోజు పలాసలో డయాలసిస్ తప్పనిసరి. తెల్లవారగానే అతని భార్య బొడ్డమ్మ పరుగెత్తుకొచ్చింది. గౌరీశంకర్ అప్పుడు అక్కడే ఉన్నాడు.

“బావా, బండి పంపమని సెప్పు! మీ తమ్ముడికి ఒళ్లంతా ఉబ్బిపోతంది!”

“నీది మూడో మనిషి కబురు, బొడ్డమ్మా. లైసెన్సు లేనోల్ల కబురు ఆఫీసరు కాడి నుంచి ఆఫీసరుకైతేనే ఈ డబ్బాలో ఎల్లాల. రూలు ఒప్పుకోదు.”

“నీ రూలు నీ తద్దినానికి దాసుకో!”

జీవితమంతా నిబంధనలకు నమస్కరించిన గౌరీశంకర్‌కు, మొదటిసారి ఒక నిబంధనను చింపాలనిపించింది.

సోములు గారు తాపీగా పెట్టె తెరిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితం తీశారు. అది టెక్కలి రెవెన్యూ అధికారి ఉత్తర్వు. ఫోన్లు పనిచేయనప్పుడు, జాబితాలోని రోగులకు వాహనం కోరుతూ అధికారి తరఫున కబురు పంపవచ్చును. జాబితాలో పద్నాలుగు పేర్లు, ఎవరికి ఏయే రోజుల్లో డయాలసిసో సహా. మూడో పేరు నూకయ్య.

దానికోసం తొమ్మిదిసార్లు బస్సెక్కారట. ఆ తొమ్మిది అర్జీలకూ శుద్ధప్రతి రాసింది గౌరీశంకరే. ‘పిచ్చి ముదిరింది’ అనుకుంటూ రాశాడు. ఎనిమిది తిరిగొచ్చాయి. తొమ్మిదోది ఏమైందో అడగలేదు.

“ముందే సెప్తే నీ నోరు అరిగిపోద్దేటి?” అంది బొడ్డమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

“నువ్వు నీ కబురు సెప్పమన్నావు. ఆఫీసరు కబురు సెప్పమన్నావేటి?”

సోములు గారు రేడియోకు బ్యాటరీ తగిలించి, పడకుండా నిలిచిన తన కొబ్బరిచెట్టు తీగ మీద అధికారి తరఫున కబురు పంపారు. గంటన్నరలో రంపాలతో మనుషులొచ్చారు, వెనకే బండి వచ్చింది. నూకయ్య ఇప్పుడు క్షేమం. సోములు గారిని తిట్టడంలో భార్యకు సాయపడుతున్నాడు.

కావున టెక్కలి రెవెన్యూ అధికారి గారికి విన్నపము. సదరు ఉత్తర్వు గడువు ఈ నెలాఖరుతో ముగియుచున్నది. తుఫానుల కాలం లోగా, ఈసారి మొదటి అర్జీకే పొడిగించవలెను. కానిచో సోములు గారు తమ కార్యాలయమునకు స్వయముగా విచ్చేసి, నిబంధనలన్నియు మొదటి పుట నుండి చదివి వినిపించగలరు. అందుకు ఏ రూలూ అడ్డురాదని ఇప్పటికే చూసుకున్నారు.

ఇట్లు,
గౌరీశంకర్