మోకాలి ఎత్తు చైనా

ఉదయగిరి దస్తగిరి తలుపు మీద ఏం చెక్కినా మోకాలి ఎత్తు దాటనివ్వడు. పైన అంతా ఖాళీ. కింద, చెప్పులు వదిలే చోట, చిలకలు, తీగలు, నెమళ్ళు. ఆత్మకూరులో నాకు టింబర్ డిపో ఉంది. ఆయనకు పని ఇప్పించేది నేనే. అందువల్ల తిట్లూ నాకే వస్తాయి.

కలిగిరిలో వెంకటరమణయ్య ఇంటి తలుపుకు దస్తగిరి నెమలిని చెక్కాడు. దూడ దాని తలను నాకి నాకి నున్నగా చేసింది. వెంకటరమణయ్య డిపోకు వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"నెమలిని చూడాలంటే నేను బోర్లా పడుకోవాల్నా కోటేశ్వరా?"

దస్తగిరిని అడిగాను. "దూడకు నచ్చినట్టుండాది," అన్నాడు.

వింజమూరులో ఒకరు లక్ష్మీదేవిని చెక్కమన్నారు. దేవుళ్ళను కాళ్ళ దగ్గర పెట్టకూడదని దస్తగిరి పనే వదులుకోబోయాడు.

"పైన పెట్టు భాయ్."

"పైన ఎవురు చూస్తారు?"

చివరికి కింద ద్రాక్షగుత్తులు చెక్కి వచ్చాడు. ఆ ఇంటికి లక్ష్మీదేవి పటం నేను కొనిచ్చాను. అప్పటి నుంచి ఆయనతో వాదించడం మానేశాను.

ఇంతలో సురేంద్రబాబు వచ్చాడు. ఈయనది టైల్స్ కొట్టు. సరుకు కోసం చైనా వెళ్ళి, అక్కడి పల్లెల్లో పాత ఇళ్ళు చూసి, టైల్స్ మాట మరిచిపోయి తిరిగొచ్చాడు. ఎవరు కనిపించినా ఫోన్ తీసి ఫోటోలు చూపించేవాడు. గుమ్మాల పైన, దూలాల నిండా చెక్కడమే. వంతెన మీద కర్ర పట్టుకున్న ముసలాయన. వంకర చెట్టు కింద జింక. పడవ. చుట్టలు చుట్టుకున్న మబ్బులు.

"కొత్తింటి తలుపులకు ఇట్నే కావాల. పైన. జనం తలకాయ ఎత్తి చూడాల."

దస్తగిరి ఫోన్ అందుకుని ఫోటోను కిందికి జరిపాడు.

"కింద ఒక్క గీత కూడా లేదే సార్. పాపం, వాళ్ళకు పని మిగిలిపోయినట్టుండాది."

నేను కళ్ళు మూసుకున్నాను.

గృహప్రవేశానికి ముందు రోజు సాయంత్రం గోనెపట్టాలు చుట్టిన తలుపులు వచ్చాయి. దస్తగిరి బిగించి పట్టాలు విప్పాడు. చైనా మొత్తం కిందే ఉంది. వంతెన, జింక, పడవ, మబ్బులు కూడా. పైన నున్నటి టేకు.

సురేంద్రబాబు తలుపు ముందూ వెనకా తిరిగి చూశాడు. తర్వాత, "తలకిందులుగా బిగించు," అన్నాడు.

"జింక ఆకాశంలో యాలాడతాది సార్."

"రేపు చుట్టాలు పోంగానే ఈ తలుపులు ఊడబీకిస్తా. ప్లైవుడ్ పెట్టుకుంటా. ఇంక ఈ ఊర్లో నీకు పని దొరికితే నన్నడుగు."

దస్తగిరి ఉలి తుడుచుకున్నాడు. నేను ఇద్దరి తరఫునా ఇద్దరికీ క్షమాపణ చెప్పి ఇంటికి వెళ్ళాను.

పొద్దున చుట్టాలందరూ తలెత్తి ఖాళీ చెక్కను చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు అనంతసాగరం నుంచి సురేంద్రబాబు తల్లి నాగులమ్మ వచ్చింది. గొర్రెలు మేపి మేపి నడుం పూర్తిగా వంగిపోయిన మనిషి. నిలబడినా ఆమె చూపు నేల మీదే ఉంటుంది.

గడప ముందు ఆగిపోయింది.

"అమ్మా, ముహూర్తం దాటిపోతా ఉంది," అన్నాడు పూజారి.

"ఉండు సామీ. సురేంద్రా, వంతెన మీద ఈ ముసిలోడెవుర్రా?"

"చైనాలోదమ్మా. ఫోన్‌లో చూపించినా గదా."

"నువ్వు ఫోను నీ మొకం ఎత్తులో పట్టుకుంటివి. నాకు నీ మోచెయ్యి కనపడింది."

చుట్టాల్లో ఎవరో నవ్వారు. సురేంద్రబాబు గొంతు తగ్గించాడు.

"రేపు మార్పిస్తాలేమ్మా ఈ తలుపులు."

"మార్చుకో. నేను అనంతసాగరంలోనే ఉంటా."

ఆమె వేలితో పడవను తడిమింది, జింక కొమ్ములను తడిమింది. సురేంద్రబాబు వచ్చి తల్లి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అక్కడి నుంచి తలుపు వైపు చూశాడు. "మార్చనులేమ్మా," అన్నాడు. "లోపలికి రా."

ఆమె రాలేదు. పక్కకు తిరిగి నా వెనక దాక్కున్న మనిషి పాదాలను చూస్తోంది.

"ఈ కాళ్ళు నాకు తెలుసు. గొర్రెలు కొంటానని మా ఇంటికి వచ్చింది నువ్వే గదా?"

దస్తగిరి ఒక కాలు నా వెనక్కి లాక్కున్నాడు.

"నాతోపాటు కింద కూర్చున్నాడు. తల ఎత్తవ్వా, యాడిదాకా కనపడతాది అని అడిగినాడు. గోడ మీద బొగ్గుతో గీత గీసినాడు. ఏందిరా అంటే, గొర్రె ఎత్తు కొలవాల అన్నాడు. మల్లా మా పక్కకే రాలా!"

నాకు కలిగిరి గుర్తొచ్చింది. వెంకటరమణయ్య కూతురు రజిని నడవలేదు, నేల మీదే దేక్కుంటూ తిరుగుతుంది. దస్తగిరిని పక్కకు లాగాను.

"మరి వింజమూరులో ఎవరు భాయ్?"

"పిల్లి," అన్నాడు. "ఒకటే కూర్చోనుంటాది, పాపం."

"గొర్రె మాటేంది?" అంది నాగులమ్మ. "బేరం కుదిరినాక ఎగ్గొడతావా?"

ఎగ్గొట్టలేదు. మర్నాడు అనంతసాగరం నుంచి షేర్ ఆటోలో తిరిగొస్తున్నాం. దస్తగిరి ఒళ్ళో ఉలుల సంచీ. నా ఒళ్ళో గొర్రె. అది నా చొక్కా గుండీ నములుతోంది. ఎండ. దుమ్ము.

"కోటేశ్వరా," అన్నాడు దస్తగిరి, "దాన్ని కొంచెం పైకి ఎత్తు. రోడ్డు కనపడతా లేదు దానికి."

ఎత్తాను.