బంద్ నాడు నీలం స్కూటర్

హనుమకొండ షోరూంలో నయీముద్దీన్ రోజూ పొద్దున్నే ప్రతి స్కూటర్‌నూ పసిపాప ముఖం తుడిచినంత మెల్లగా తుడుస్తాడు. చక్రాల కింద పెట్టడానికి రెండు నిమ్మకాయలు ఎప్పుడూ అతని జేబులో ఉంటాయి. ముహూర్తాలు పంతులుగారి కంటే ముందే చెప్తాడు. వారం రోజుల ఆందోళనలతో రోడ్లు మూసుకుపోయాయి. ఫ్యాక్టరీకి విడిభాగాలు అందక కొత్త బండ్లు రాలేదు. మిగిలిన ఒక్క నీలం స్కూటర్ మట్టెవాడలో ఉండే నేత కార్మికుడు పర్శరాములుది. రేపటి నుంచి మూఢం. ఈరోజు ముహూర్తం పదిన్నరకు. ఆలోపు బండి తన ఇల్లు చేరకపోతే అతను వద్దంటాడు. బంద్ కదా అని నయీముద్దీన్ దాన్ని స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ బయల్దేరాడు. అద్దంలో చిన్న ఆకాశం అతని వెంటే నడిచింది.

చౌరస్తాలో బంద్ చేయిస్తున్న గుంపు ముందు జెండా పట్టుకున్న నాయకుడు ఆపాడు.

"నయీం భాయ్, బంద్ నాడు బండి అమ్ముతానవా?"

"అమ్ముడు ఎప్పుడో అయింది అన్నా. రేపట్నుంచి మూఢం, జర పోనియ్యి."

"రేపట్నుంచేనా? మా చెల్లెకు గూడ ఒకటి తీసుకోవాలె గద," అంటూ నాయకుడు తానే వెనక నుంచి తోయసాగాడు. గుంపంతా కదిలింది.

ఇంటి ముందుకు గుంపు నినాదాలతో తోసుకొస్తున్న తన స్కూటర్‌ను చూసి పర్శరాములు లోపలికి ఉరికి గడియ పెట్టుకున్నాడు.

నయీముద్దీన్ తలుపు మెల్లగా తట్టాడు. "పర్శరాములన్నా, ఇంక పది నిమిషాలున్నది. హారతి పట్టుకొని రా."