ఘన్‌పూర్ గుట్టల వెనక బండి బాట, సైకిలు మీద ఒక పగలు

ఎస్తేరక్కకు హనుమకొండ నుంచి రూతు వందనాలు. మొదలే క్షమించమని అడుగుతున్నాను. నేను మిషను బడిలో నాలుగో తరగతి దాకే చదివాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. గీతలు లేని కాగితం మీద రాస్తే నా వరుసలు కుడి పక్కకు వచ్చేసరికి కిందికి జారిపోతాయి. తప్పులు ఉన్నచోట నువ్వే దిద్దుకొని చదువు. బావగారికి మాత్రం చూపించకు.

వచ్చే వారం మీరిద్దరూ ఆ దారిన పోతున్నారని, దారి ఎట్లుంటుందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో రాయమని వర్ధన్నపేట నుంచి కబురు పంపావు. ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు. కాగితం మీద అయితే రాయగలను. అంతా రాస్తాను.

మేము ఎందుకు పోయామో నీకు సగం తెలుసు. మా ఆయన ఛాతీ జబ్బుతో చాలా నెలలు దవాఖానలో ఉండి క్రిస్మసు ముందర ఇంటికి వచ్చారు. జబ్బు పోయింది గాని దుమ్ములో పని చేయవద్దని డాక్టరు చెప్పారు. ఆయనకు తెలిసినది పత్తి బస్తాల పని ఒక్కటే. అప్పటి నుంచి మా ఆయన అన్నగారి ఇంటి అరుగు మీద చాప వేసుకొని ఉంటున్నాము. తోటికోడలు ఏమీ అనదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది. ఇట్లుండగా పాస్టరు అయ్యగారు పిలిచి, ఘన్‌పూర్ గుట్టల వెనక నాలుగు పల్లెలకు వాక్యం చెప్పే ఉపదేశి కావాలని, వాటిలో చివరిదైన పైపల్లెలో ఉండడానికి ఒక గది కూడా ఉందని చెప్పారు. మిషను సైకిలు ఇచ్చి, ఒక దినం భార్యాభర్తలు ఇద్దరూ ఆ పల్లెలన్నీ తిరిగి కనిపించి రమ్మన్నారు. ఆదివారం ఆదివారం నాలుగు పల్లెల్లో ఆరాధన జరిపించాలి కాబట్టి మనిషికి తిరిగే సత్తువ ఉందా లేదా అన్నది సంఘం పెద్దలే చూసి చెప్పాలట. మీకూ ఇదే చెప్పి ఉంటారు.

కాజీపేటలో పొద్దున పాసింజరు ఎక్కండి. సైకిలుకు లగేజీ చీటీ రాయించి రైలు చివర బ్రేకు వ్యానులో వేయించుకోవాలి. మనిషి టికెట్టు రూపాయి లోపే, సైకిలుకు ఇంకొన్ని పైసలు. స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగేసరికి ఎండ ఇంకా ముదరదు. అక్కడి నుంచి రెండు దారులు ఉన్నాయి. హైదరాబాదు సడకు మీద పోతే చదునుగా ఉంటుంది, కాని లారీలు లేపే దుమ్ము మా ఆయనకు పడదు. అందుకే గుట్టల వెనక నుంచి పోయే బండి బాట పట్టాము. దాని మీద రోజంతా ఒక్క మోటారు బండి రాదు. స్టేషను ముందర చాయ్ అమ్మే ఆయన మా సైకిలును, మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఆ బాటల ఖాళీ బండి గుంజనీకే ఎడ్లు నా దిక్కు చూస్తయి. ఇద్దరు ఒక్క సైకిల్ మీద పోతరా సారూ?"

"ఎడ్లకు చాయ్ పొయ్యవు గద, అందుకే అవి గుంజవు," అన్నారు మా ఆయన. ఆయన హాస్యమాడి ఎన్ని నెలలయిందో. ఇంకో చాయ్ చెప్పి నాకు సగం పోశారు.

అక్కా, ఆ బాట మొదట్లో ఎంత బాగుంటుందో చెప్పలేను. రెండు పక్కలా మోదుగులు ఆకు రాల్చి ఎర్రగా పూసి ఉన్నాయి. సైకిలు చైను చప్పుడు, ఎక్కడో మేకల మెడగంటలు తప్ప ఇంకేమీ వినబడదు. మొదటి పల్లె దాకా బాట గుట్ట అంచు వెంబడే సాఫుగా పోతుంది. నేను తెల్లచీర కట్టుకొని, ఒళ్లో రొట్టెల మూట, పాటల పుస్తకం పెట్టుకొని క్యారియరు మీద కూర్చున్నాను. ఆయన పాట కూనిరాగం తీశారు. పైపల్లె గదిలో పొయ్యి ఏ మూలకు వేయాలో, నీళ్ల కుండ ఎక్కడ పెట్టాలో అప్పుడే అనుకున్నాను.

మొదటి పల్లె దాటగానే ఎత్తు మొదలవుతుంది. నేను ఆయన వీపుకు ఆనుకొని ఉన్నాను కదా, లోపలి నుంచి పిల్లి కూత వంటి చప్పుడు నా చెంపకు తగిలింది. దవాఖానలో విన్న చప్పుడే. ఆయన నిలబడి తొక్కసాగారు.

మన ఆడవాళ్లు ఊరు రాగానే సైకిలు దిగి వెనక నడవాలి కదా. పెద్దమనుషుల ముందర మొగని వెనక కూర్చొని పోతే సిగ్గు లేదంటారు. నాకు అదే అక్కరకు వచ్చింది.

"జర ఆపుండ్రి. ముంగట ఊరున్నట్టుంది, దిగుతా," అన్నాను.

"ఏడుంది ఊరు?"

"కోళ్లు కూసినయి."

ఆయన ఆపారు. నేను దిగి వెనక నుంచి మెల్లగా నెడుతూ నడిచాను. ఎత్తు ఎక్కాక ఊరు లేదు. "నాకే అట్ల వినవడ్డది," అని మళ్లీ ఎక్కాను. తరువాతి ఎత్తుకు కుక్క మొరిగిందన్నాను. ఆ తరువాత ఎవరో ముసలామె కట్టెలు ఏరుతున్నదని దిగాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నమ్ముతున్నారనుకున్నాను. ఈ సాయంత్రం దాకా ఇట్లా నడిపిస్తే చాలు, గది మాదవుతుంది, మెల్లగా ఆయనకు సత్తువ వస్తుంది అనుకున్నాను.

రెండో పల్లెలో, మూడో పల్లెలో మనుషులు మంచివాళ్లు. మజ్జిగ ఇచ్చారు, ప్రార్థన చేయించుకున్నారు. మూడో పల్లె దాటాక ఒక వాగు వస్తుంది. అక్కడ నీళ్లు పారవు, ఇసుకలో చెలిమ తవ్వుకోవాలి. మేము అక్కడే చింతకాయ తొక్కుతో రొట్టెలు తిన్నాము. వాగు అవతల పైపల్లెకు పోయే పెద్ద ఎత్తు ఉంది. నున్నటి బండలు, ఒక్క చెట్టు లేదు, ఒక్క గుడిసె లేదు. నేను మూట తీసుకొని నడవబోయాను.

"ఎక్కు," అన్నారు.

"తిన్నంక జర నడిస్తే మంచిది."

"ఈడ ఊరు లేదు, కోడి లేదు, కుక్క లేదు. ఎక్కు రూతూ."

ఎక్కాను. ఎక్కకుండా ఉండవలసింది అని ఎన్నిసార్లు అనుకున్నానో. కాని ఆ గొంతు విన్న తరువాత ఎక్కకుండా ఎట్లా ఉంటాను? సగం దాకా తొక్కారు. ఆ మీదట సైకిలు ముందుకు పోవడం మానేసి, పక్కకు వంగింది. పడలేదు. ఆయన కాళ్లు రెండూ నేల మీద పెట్టి, తల హ్యాండిలు మీద ఆనించి ఉండిపోయారు. నేను దిగి నిలబడ్డాను. వీపు నిమరాలనుకున్నాను గాని చెయ్యి పోలేదు. చాలాసేపటికి తల ఎత్తి, సైకిలు నడిపించుకుంటూ పైకి నడిచారు.

పైన సంఘం పెద్ద, యాకోబు తాత, బండ మీద కూర్చొని ఉన్నాడు. చాలా ముసలివాడు, చాలా మంచివాడు. లేచి వచ్చి మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పొద్దటి సంది చూస్తానం బిడ్డా మీ రాక. గీ బాట మీద బండి లేదు, మనిషి లేడు. ఏది కదిలినా ఈడికి కనవడ్తది. ఈమె తెల్లచీర కొంగ వాలినట్టు కనవడ్డది. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగుతాంది, దిగుడు రాంగనే ఎక్కుతాంది. మా ముసల్ది అననే అన్నది, గాడ ఊర్లు లేవు గద, ఆ పిల్ల ఎందుకు దిగుతాంది అని."

తాత నవ్వుతూ అన్నాడు. తాత మనసులో ఏమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లతో ఏదో మాట కలపాలి కదా. మా ఆయన కూడా నవ్వారు. నవ్వి నా వైపు చూశారు. అక్కా, ఆ చూపు కోపమయితే నేను భరించేదాన్ని.

అప్పుడే ఆడవాళ్లు వచ్చి నన్ను చెయ్యి పట్టి గదికి తీసుకుపోయారు. గుడి వెనకాలే ఉంది. చిన్నదే, కాని ఆ పొద్దుటే ఎర్రమన్నుతో అలికారు. ఇంకా తడి వాసన పోలేదు. ఎవరో కొత్త కుండలో నీళ్లు నింపి మూత పెట్టి ఉంచారు. నేను అనుకున్న మూలలోనే పెట్టారు. కిటికీకి తలుపు లేదు. దాని అవతలే యాకోబు తాత, మా ఆయన నిలబడి మాట్లాడుతున్నారు.

"నాతోని కాదు పెద్దయ్యా."

"గట్ల ఎందుకంటవు? ఎండకు అలిసినవు. వానలు పడ్డంక చల్లగ తిరగచ్చు, ఫికర్ జేయకు."

"వాన పడితే ఎత్తు తగ్గది గద పెద్దయ్యా."

గదిలో ఆడవాళ్లు మాటలు ఆపి వినబోయారు. ఒకామె నన్ను చూసి, "ఒక పాట పాడరాదమ్మా," అన్నది. నేను గుడిలో కూడా పెదవులే కదిలిస్తాను, నీకు తెలుసు. ఆ రోజు పుస్తకం తెరవకుండానే ఎత్తుకున్నాను. గట్టిగా పాడాను. చరణాలు అయిపోతే మొదటి చరణం మళ్లీ పాడాను. బయట మాటలు ఆగేదాకా పాడాను. వాళ్లు నా గొంతు బాగుందన్నారు. మళ్లీ వచ్చి నేర్పించమన్నారు. సరేనన్నాను.

పైపల్లె నుంచి రఘునాథపల్లి స్టేషను దాకా బాట అంతా దిగుడే, ఎక్కడా తొక్కవలసిన పని లేదు. ఊరికే కూర్చుంటే సైకిలే పోతుంది. ఆ దూరం అంతా మేము నడిచాము. ఆయన సైకిలుకు ఒక పక్క, నేను ఒక పక్క. ఒకచోట నిజంగానే ఊరు వచ్చింది. ఆయన ఆగి, "ఊరొచ్చింది," అన్నారు. సాయంత్రం పాసింజరుకు తిరిగి వచ్చాము. మర్నాడు సైకిలును గుడ్డతో చక్రాల పుల్లలతో సహా తుడిచి అయ్యగారికి అప్పజెప్పారు. అడిగినవాళ్లకు ఆ పల్లెలు మరీ దూరమని చెబుతున్నారు. ఇప్పుడు పగలంతా అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. అన్నం పెడితే తింటారు. నేను ఏమి మాట్లాడినా "ఊఁ" అంటారు. నేను దిగకుండా ఉంటే మొదటి ఎత్తులోనే ఆయనకు తెలిసిపోయేది. ఎవరూ చూడని చోట, మా ఇద్దరి మధ్యనే తెలిసేది. వెనక్కి మళ్లి వచ్చేవాళ్లం. సందడి లేని దారిలో ఎవరూ చూడరని అనుకున్నాను. అసలు అటువంటి దారిలోనే మనిషి అందరికీ కనబడతాడు. డాక్టరు చేయవచ్చన్న పనులు ఏవీ లేవు, వద్దన్న పనులే ఉన్నాయి. ముందు ఏమవుతుందో నాకు తెలియడం లేదు. ప్రార్థనకు కూర్చుంటే మాటలు రావడం లేదు.

బావగారు గట్టి మనిషి, ఆ ఎత్తులు అవలీలగా ఎక్కుతారు. గది మీకు దొరకాలనే కోరుకుంటున్నాను, నిజంగానే. కిటికీ తూర్పుకు ఉంది, కుండ ఉన్న మూలకు పొద్దున ఎండ వస్తుంది, పక్కకు జరుపుకో. వాగు దగ్గర చెలిమ తవ్వడానికి ఒక చిన్న ఇత్తడి గిన్నె తీసుకుపోండి. మేము చేతులతో తవ్వాము, గోళ్లలోకి ఇసుక పోయింది. వాగు దాటాక పైపల్లె దాకా చుక్క నీరు లేదు, సీసా అక్కడే నింపుకోండి. ఈ దారి, రైళ్లు, నీళ్లున్న చోట్లు వేరే కాగితం మీద రాసుకొని, ఇది పొయ్యిలో పెట్టు అక్కా. చించి పారేస్తే ముక్కలు ఎవరికైనా దొరుకుతాయి. కాలిపోయేదాకా దగ్గరే ఉండి చూడు.