మగ్గం ఆపిన చేప

మొన్న ఆదోని మార్కెట్లో ఒక తట్టలో వాలుగ చేప ఇంకా ప్రాణంతో మీసాలు ఆడిస్తోంది. ఆ నీచు వాసన ముక్కుకు తగలగానే నా నోటి నుంచి, "కదలొద్దు తల్లీ, జపాను ఊగిపోతుంది!" అన్న మాట జారింది. చేపలమ్మే ఆమె నన్ను వింతగా చూసింది. ఆమెకేం తెలుసు, మా రూతమ్మ టీచరు సంగతి!

యాభైలలో ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. ఐదో తరగతి సగంలో ఉండగా నాయన నన్ను బడి మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు. వారం తిరక్కుండానే రూతమ్మ టీచరు మా ఇంటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో పరుగెత్తుతున్నట్టు ఉండే మనిషి. ఆమె తండ్రి ఓడల్లో వంటవాడుగా లోకమంతా తిరిగి కథలు పోగేసుకొచ్చాడట. ఆమె మాత్రం సముద్రం చూడనేలేదు. నాయనను బతిమాలుతుందని అనుకున్నాను. గడప మీద కూర్చుని కథ మొదలుపెట్టింది! మనువు దోసిట్లోకి వచ్చిన చిట్టిచేప కుండలో పట్టలేదు, బావిలో పట్టలేదు, నదిలోనూ పట్టలేదు. సరిగ్గా మనువు పడవెక్కి, ప్రళయం ముంచుకొచ్చే చోట ఆమె లేచి చెంగు దులుపుకుంది.

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె నాయన చేతిలో ఆగిపోయింది. "యాడికి పోతావమ్మా? ఆయప్ప పడవ ఏమాయ?"

"పాపను రేపు బడికి పంపన్నా. సాయంత్రం ఆ పాపే వచ్చి సెప్తాది."

అప్పటినుంచి రోజూ కథ మోసుకొచ్చే పని నాది. బైబిలులో యోనా ప్రవక్తను మింగిన మహామత్స్యం, భూమిని చుట్టుకుని తన తోక తానే కరుచుకున్న ఉత్తర సముద్రపు సర్పం, నేల కింద పడుకుని ఒళ్ళు కదిపితే జపానును ఊపేసే వాలుగ! చుట్టుపక్కల మగ్గాలన్నీ ఆగేవి. ఒకనాడు కథలో సర్పాన్ని నేను చంపేస్తే పక్కింటి మామ, "అప్పుడే సంపితివా? ఇంగ రోంతసేపు బతకనీ పాపా" అన్నాడు.

తుంగభద్ర నీళ్ళు కొత్త కాలువలో తొలిసారి వచ్చిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుతూ, పుల్లలూ ఆకులూ దొర్లించుకుంటూ వచ్చాయి. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లుతుంటే, రూతమ్మ టీచరు కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మోకాళ్ళ లోతుకు దిగేసింది.

"టీచరమ్మా, బద్రం! పెద్ద చేప ఉంటాదేమో!" నాయన నిజంగానే భయపడి అరిచాడు.

"ఉంటే ఎంత బాగుండు అన్నా!" ఆమె నవ్వు నీళ్ళ హోరును మించి వినబడింది.

ఆ ఏడు పరీక్షలు అయిపోయాక కండెలు ముందేసుకుని కూర్చున్నాను. ఇక ఇంతే అనుకున్నాను. నాయన మగ్గం దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మ కాడ కతలు అయిపోయినాయంట పాపా. మిగిల్నవి ఆదోని పెద్దబడిలో ఉండాయంట. పోయి తీసకరాపో."

ఆదోని వెళ్ళాను. అక్కడి నుంచి చాలా దూరమే వెళ్ళాను. ఇప్పటికీ ఏ కొత్త ఊళ్ళో అడుగుపెట్టినా అక్కడివాళ్ళను ముందుగా అడిగేది ఒకటే: మీ నీళ్ళలో ఏముంటుంది? ఇంతవరకు ఏమీ లేదన్నవాళ్ళు ఒక్కరూ లేరు.