సదయ్య కూత

గోదావరిఖనిలో కబడ్డీ ఆడినవాళ్ళు ఎందరైనా ఉండనీ, కూతంటే సదయ్యదే! ఒక్క దమ్ములో అవతలి గీత దాకా పోయి, నలుగురిని ఉడికించి, ఊపిరి తెగకుండా తిరిగొచ్చేవాడు. డ్యూటీలో ‘సార్’ అని చేతులు కట్టుకునే అండర్‌మేనేజర్‌ను సాయంత్రం కాలు పట్టి మట్టిలో పడేస్తే, ఆ సారే లేచి దుమ్ము దులుపుకుని సదయ్య భుజం తట్టేవాడు. గనిలో ఎన్నేళ్ళు బొగ్గు కొట్టినా దక్కని మర్యాద సదయ్యకు ఆ బరిలో దొరికింది. అందుకే గెలిచినా ఓడినా, కావాలని తగ్గి ఆడడం అతనికి చేతకాలేదు.

ముప్పై ఏళ్ళు గడిచాక ఆ ఊపిరికే గండమొచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. అన్‌ఫిట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. మెడికల్ బోర్డు డాక్టర్లు ఇతను పనికిరాడని రాస్తే ఆ నౌకరీ బిడ్డ హర్షిణికి వస్తుంది. డిగ్రీ చదివి, రెండేళ్ళుగా బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపిస్తున్న పిల్ల. పాపం, ఆశంతా ఆ నౌకరీ మీదే పెట్టుకుంది.

అన్‌ఫిట్‌కు పెట్టుకున్నవాడు ఎలా మసలుకోవాలో కాలనీ వాళ్ళకు బాగా తెలుసు. సైకిలెక్కొద్దు. బియ్యం సంచి మోయొద్దు. గట్టిగా నవ్వినా చూసి ఆఫీసుకు చేరవేసేవాళ్ళున్నారు. ఇక కబడ్డీయా, రామరామ! నిజంగా జబ్బున్న మనిషి కూడా జబ్బు మనిషిలా నటించాలి, ఏం చోద్యమో ఇది! ఆర్నెల్లుగా సదయ్య గ్రౌండు గోడ బయటే నిలబడి లోపలి కూతలు వింటున్నాడు. “సదయ్య కాక పని ఖతమైంది” అని కుర్రాళ్ళు అనుకోవడం చెవిన పడినా, పళ్ళు బిగపట్టి ఇంటికొచ్చేశాడు.

బోర్డుకు పోయే ముందురోజు, అతనితో పాటు గనిలో చేసే ఎల్లేశం ఇంటికొచ్చి, హర్షిణి వింటుండగానే గొంతు తగ్గించి చెప్పాడు.

“అన్నా, ఆడ ఒక మిషన్ల ఊదుమంటరు. నువ్వు జోష్‌ల ఊదేవు! మెల్లగ ఊదు, సగం దమ్ము కడుపులనే దాసుకో. పిల్ల నౌకరి యాదికుంచుకో.”

“గంత తెల్వదానే నాకు!” అన్నాడు సదయ్య.

దవాఖానలో హర్షిణి బయట బెంచీ మీద కూర్చుంది. లోపల డాక్టరు గొట్టం చేతికిచ్చి, “గాలి బాగా పీల్చు పెద్దాయనా, ఒక్క దమ్మున ఊదెయ్యి” అన్నాడు. ఒక్క దమ్మున! ఆ మాట వినగానే సదయ్యకు ఎల్లేశమూ గుర్తులేడు, ఏమీ గుర్తులేదు. కాళ్ళు ఎడం చేసి, నడుం వంచి, గుండెల నిండా పీల్చి ఊదాడు. మూడుసార్లు ఊదమంటే మూడుసార్లూ అలాగే ఊదాడు, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా.

గొట్టం దించాక గానీ తెలివి రాలేదు. అయ్యో, ఎంత పని చేశాను! పిల్ల నోట్లో మన్ను కొట్టాను కదా అనుకుంటూ బయటికొచ్చి, హర్షిణి మొహం చూడలేక కిటికీ దగ్గర నిలబడ్డాడు.

గంట తర్వాత మళ్ళీ పిలిచారు. ఈసారి బిడ్డనూ రమ్మన్నారు. డాక్టరు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

“సగం ఊపిరి కూడా లేదు పెద్దాయనా. ఇంక గనిలోకి దిగొద్దు. అన్‌ఫిట్ రాస్తున్నాం.”

బయటికి రాగానే హర్షిణి తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఎంత ఫికర్ చేసిన్నో నాయినా! ఎల్లేశం కాక చెప్పినట్టే మంచిగ యాక్టింగ్ చేసినవ్ గదా!”

సదయ్య బెంచీ మీద కూలబడ్డాడు.

“యాక్టింగ్ చెయ్యలే బిడ్డా. ఉన్నదంత ఊదిన.”